అమెరికా ఫ్యామిలీ కోర్టులో పిల్లల తరఫున, తల్లిదండ్రుల తరఫున: పబ్లిక్ డిఫెన్స్ ఆఫీసును నడపడం ఎలా

అమెరికాలో పోలీసులు అరెస్టు చేస్తే డబ్బు లేనివాడికి ప్రభుత్వమే లాయరును పెడుతుందని హాలీవుడ్ సినిమాలు చూసే వాళ్లందరికీ తెలుసు. అదే ప్రభుత్వం ఒక తల్లి ఇంటికొచ్చి మూడేళ్ల పాపను తీసుకెళ్లిపోతే? ఆమెకు లాయరు దొరుకుతాడా, దొరికితే ఎప్పుడు దొరుకుతాడు, ఆ రోజుకి అతని చేతిలో ఇంకెన్ని కేసులుంటాయి అన్నవి రాష్ట్రాన్ని బట్టి, కొన్నిచోట్ల కౌంటీని బట్టి కూడా మారిపోతాయి. ఆ లాయర్లను పోషించే ఆఫీసుకు మీరు చీఫ్ డిఫెండర్‌గానో డైరెక్టర్‌గానో కొత్తగా వెళ్లబోతుంటే, ఈ మార్గదర్శి మీ కోసం. మీకు కోర్టు తెలుసు, వాదించడం తెలుసు, ఆఫీసు నడపడం మాత్రం ఇంకా అలవాటు లేదు అనుకుని రాస్తున్నాను.

ఈ కోర్టులో చాలా కేసులు ట్రయల్ దాకా వెళ్లకముందే, మొదటి మూడు నాలుగు రోజుల్లోనే ఒక దారిన పడిపోతాయి. బిడ్డ ఒకసారి ఫోస్టర్ కేర్‌లోకి, అంటే ప్రభుత్వం ఏర్పాటు చేసే తాత్కాలిక సంరక్షణలోకి వెళ్లాక వెనక్కి తేవడం కంటే, వెళ్లకుండా ఆపడం ఎన్నో రెట్లు తేలిక. అందుకే నియామకమైనా, బడ్జెట్ అయినా, ఫోన్ నంబరైనా, ప్రతి నిర్ణయానికీ ఒకే ప్రశ్న వేసుకోమంటాను: దీనివల్ల మా మనిషి క్లయింటును తొలి హియరింగుకు ముందే కలవగలుగుతాడా?

1. మీ రాష్ట్రంలో ఎవరికి ఏ హక్కు ఉందో ఒక కాగితం మీద పెట్టండి

ఆఫీసులో అడుగుపెట్టిన తొలి వారంలోనే చేయాల్సిన పని ఇది. క్రిమినల్ కోర్టు నుంచి వచ్చిన లాయర్లు డబ్బు లేని నిందితుడికి ప్రభుత్వమే లాయరును ఇవ్వాలన్న 1963 నాటి గిడియన్ తీర్పు అన్నిచోట్లా వర్తిస్తుందన్న ధీమాతో ఉంటారు. ఇక్కడ లెక్క వేరు.

నేరం ఆరోపణ ఎదుర్కొంటున్న పిల్లలకు లాయరు హక్కు 1967లో గాల్ట్ కేసుతో వచ్చింది. అరిజోనాలో పదిహేనేళ్ల జెరాల్డ్ గాల్ట్ ఒక అసభ్య ఫోన్ కాల్ చేశాడన్న ఆరోపణ మీద, ఇరవై ఒకటో ఏడు వచ్చేదాకా ఉంచగలిగే సంస్కరణ పాఠశాలకు పంపారు. అదే పని పెద్దవాళ్లు చేస్తే 50 డాలర్ల లోపు జరిమానా, లేదా గరిష్ఠంగా రెండు నెలల జైలు. సుప్రీంకోర్టు ఆ తీరును తప్పుబట్టింది. మూడేళ్ల తర్వాత విన్‌షిప్ కేసులో, పిల్లల మీద నేరాన్ని కూడా సహేతుకమైన సందేహానికి తావు లేకుండా రుజువు చేయాలని చెప్పింది. అయితే 1971లో మెకీవర్ కేసులో జ్యూరీ హక్కు మాత్రం ఇవ్వలేదు. రాష్ట్ర చట్టం వేరేలా చెబితే తప్ప, ఈ కేసుల్లో ఒప్పించాల్సింది ఒక్క జడ్జినే.

తల్లిదండ్రుల సంగతి ఇంకా నిరాశగా ఉంటుంది. 1981లో లాసిటర్ కేసులో సుప్రీంకోర్టు 5–4 తేడాతో, తల్లిదండ్రుల హక్కులు శాశ్వతంగా రద్దు చేసే కేసులో కూడా రాజ్యాంగం ప్రతిసారీ లాయరును ఇవ్వమనదని, కేసును బట్టి చూడాలని తేల్చింది. మరుసటి ఏడాదే శాంటోస్కీ కేసులో, హక్కులు రద్దు చేయాలంటే ‘స్పష్టమైన, నమ్మదగిన’ స్థాయి రుజువు కావాలని అంది. రుజువు భారం పెంచారు కానీ, ఆ రుజువును ప్రశ్నించే మనిషిని మాత్రం గ్యారంటీ చేయలేదు. ఆ ఖాళీని చాలావరకు రాష్ట్రాల చట్టాలే పూడ్చాయి. న్యూయార్క్‌లో ఎల్లా బి కేసు 1972లోనే ఆ హక్కును గుర్తించింది, ఫ్యామిలీ కోర్ట్ యాక్ట్ 262వ సెక్షన్ దాన్ని చట్టంలో పెట్టింది.

పిల్లల విషయానికొస్తే, పిల్లల మీద వేధింపుల నివారణకు 1974లో వచ్చిన కాప్టా చట్టం ఫెడరల్ నిధులు కావాలంటే వేధింపు, నిర్లక్ష్యం కేసుల్లో ప్రతి పిల్లవాడికీ ఒక గార్డియన్ యాడ్ లైటమ్, అంటే ఆ కేసులో అతని మేలు చూసే ప్రతినిధి ఉండాలంటుంది. ఆ మనిషి లాయరే అయి ఉండాలని మాత్రం అనదు. కాబట్టి ఒకే వయసు పిల్లకు ఒక రాష్ట్రంలో లాయరు, పక్క రాష్ట్రంలో శిక్షణ పొందిన వాలంటీరు దొరకొచ్చు.

మీ కాగితం మీద ఉండాల్సినవి: ఎవరికి లాయరు వస్తాడు, ఏ దశలో వస్తాడు, పిటిషన్ వేయకముందు కూడా ఇవ్వొచ్చా, తొలి హియరింగ్ ఎన్ని రోజుల్లో జరగాలి, అప్పీలు గడువెంత. ఈ కాగితం రిసెప్షన్‌లో కూర్చునే ఉద్యోగి దగ్గర కూడా ఉండాలి. ఫోన్ ముందు ఎత్తేది ఆమే.

2. ఒకే ఇంట్లో ఎవరి పక్షాన ఉంటారు?

పిల్లలకూ తల్లిదండ్రులకూ ఇద్దరికీ లాయర్లను ఇచ్చే ఆఫీసుకు అన్నిటికంటే పెద్ద ప్రమాదం ప్రయోజనాల వైరుధ్యం. లాయర్ల నడవడికకు అమెరికన్ బార్ అసోసియేషన్ రాసిన మోడల్ రూల్స్‌లో 1.7 ఒక లాయరుకు, 1.10 అతనితో ఒకే సంస్థలో పనిచేసే అందరికీ వర్తిస్తుంది. మూడో అంతస్తులో కూర్చున్న లాయరు తల్లి తరఫున ఉంటే, అయిదో అంతస్తులో ఉన్నవాడు అదే కేసులో కొడుకు తరఫున నిలబడటం కుదరదన్నమాట. ‘మేమిద్దరం ఆ కేసు గురించి మాట్లాడుకోం’ అన్న హామీ సరిపోదు.

ఇంతవరకు అందరికీ తెలిసిందే. పీకల మీదికి తెచ్చేవి అంత సూటిగా కనిపించవు. పద్నాలుగేళ్ల అబ్బాయికి దొంగతనం కేసులో మీ లాయరు ఆరు నెలలుగా పనిచేస్తున్నాడనుకోండి. ఇంట్లో రాత్రిళ్లు ఏం జరుగుతుందో ఆ అబ్బాయి అతనికి చెప్పుకున్నాడు. ఇప్పుడు తల్లి మీద నిర్లక్ష్యం కేసు పడి, ఆమె మీ తలుపు తట్టింది. కాగితం మీద ఇవి రెండు వేర్వేరు కేసులు, రెండు వేర్వేరు నంబర్లు. కానీ అబ్బాయి రహస్యాలు మీ ఆఫీసు దగ్గర ఉన్నాయి, తల్లి కేసులో అతనే సాక్షి కావొచ్చు. ఆ తల్లిని మీరు తీసుకోకూడదు. అలాగే అక్కాచెల్లెళ్లలో ఒకరు ఇంటికి వెళ్తానని, మరొకరు వెళ్లనని అంటే ఇద్దరికీ ఒకే లాయరు కుదరదు. భర్త కొట్టాడని చెప్పే భార్య, ఆ భర్త, ఇద్దరూ నిందితులుగా ఉన్న కేసులో కూడా అంతే.

దీన్ని ఆపడానికి మూడు ఏర్పాట్లు కావాలి. మొదటిది, కేసు తీసుకునే ముందే పేర్ల తనిఖీ. క్లయింటు పేరు ఒక్కటే కాదు: ఇంట్లో ఉండే అందరూ, బిడ్డ తల్లిదండ్రుల్లో రెండోవాళ్లు, అమ్మమ్మ, ఫిర్యాదులో కనిపించే ప్రతి పెద్దమనిషి, ఇంతకుముందు వాడిన ఇంటిపేర్లతో సహా. రెండోది, కాదనాల్సిన కేసు ఎక్కడికి వెళ్లాలో ముందే కుదిరిన ఒప్పందం. మరో సంస్థో, కోర్టు జాబితాలో ఉండి విడిగా కేసులు తీసుకునే ప్యానెల్ లాయర్లో ఆ రోజే అందుకోవాలి. లేదంటే మీ నిజాయితీకి మూల్యం ఆ తల్లి లాయరు లేని హియరింగుతో చెల్లిస్తుంది.

మూడోది గోడ. కొన్నిచోట్ల ఒకే సంస్థ కింద విడివిడి యూనిట్లు పెట్టి, వేరే సూపర్‌వైజర్లు, వేరే ఫైళ్లు, వేరే సహాయక సిబ్బందితో నడుపుతారు. వేధింపు, నిర్లక్ష్యం కేసులు చూసే లాస్ ఏంజెలెస్ డిపెండెన్సీ కోర్టులో అలా మూడు విభాగాలుగా కట్టిన సంస్థను 1991లో కాలిఫోర్నియా అప్పీల్ కోర్టు కాస్ట్రో కేసులో తప్పుపట్టలేదు. మీ రాష్ట్రం దీన్ని ఒప్పుకుంటుందా అన్నది బార్ ఎథిక్స్ కమిటీని రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి. ఒప్పుకున్నా, గోడ నిజంగా గోడేనా అని చూడాల్సింది మీరే: సాఫ్ట్‌వేర్‌లో అనుమతులు ఎవరికున్నాయి, ప్రింటర్ ఎక్కడుంది, వెయిటింగ్ రూమ్‌లో తల్లీ కూతురూ ఎదురెదురుగా కూర్చోవాల్సి వస్తోందా. అన్నిటికంటే ముఖ్యం, మీరు. రెండు యూనిట్ల పైనా ఉన్నది మీరు కాబట్టి, ఒకే కుటుంబం గురించి ఇద్దరు లాయర్లూ మీ గదికొచ్చి సలహా అడగడం మొదలుపెడితే గోడ మీ దగ్గరే కూలిపోతుంది. కేసుల లోతుపాతులు యూనిట్ హెడ్ల దగ్గరే ఆగిపోవాలి. మీకిది నచ్చదు, మంచి లాయర్లకు కేసుల్లో వేలు పెట్టడమే ఇష్టం. అయినా ఇది వదులుకోక తప్పదు.

3. తొలి మూడు రోజుల కోసం ఆఫీసును కట్టండి

న్యూయార్క్ చట్టంలో 1028వ సెక్షన్ అని ఒకటుంది. తాత్కాలికంగా తీసుకెళ్లిన బిడ్డను వెనక్కి ఇమ్మని తల్లో తండ్రో దరఖాస్తు చేస్తే, మూడు కోర్టు పనిదినాల్లో హియరింగ్ జరగాలి. బిడ్డ ప్రాణానికో ఆరోగ్యానికో తక్షణ ముప్పు ఉందని తేలితే తప్ప తిరిగి ఇవ్వాలి. 2004లో నికల్సన్ వర్సెస్ స్కోపెట్టా కేసులో ఆ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం ఇంకో మెట్టు ఎక్కింది. బిడ్డ ఇంట్లో ఉంటే వచ్చే ముప్పును, ఇంటి నుంచి తీసేయడం వల్ల బిడ్డకు జరిగే హానితో తూచి చూడాలని, భార్య దెబ్బలు తినడం బిడ్డ చూసిందన్న ఒక్క కారణంతో ఆ తల్లి బిడ్డను నిర్లక్ష్యం చేసిందనలేరని చెప్పింది. మీ రాష్ట్రంలో సెక్షన్ నంబరు వేరుగా ఉంటుంది, కానీ ఇలాంటి అత్యవసర హియరింగ్ ఏదో ఒక రూపంలో ఉంటుంది. మీ ఆఫీసు సత్తా అక్కడ తెలుస్తుంది.

కోర్టు కారిడార్లో అయిదు నిమిషాలు మాట్లాడి లోపలికి వెళ్లే లాయరు ఆ హియరింగ్ గెలవలేడు. గెలవడానికి ముందురోజే తెలియాల్సినవి ఉంటాయి. ఇంట్లోకి రాగల బంధువులెవరు? ఆరోపణ ఇల్లు పాడైపోయిందనైతే ఈ సాయంత్రానికి బాగుచేయగలమా? తాగుడు సమస్య అయితే చికిత్స కేంద్రంలో రేపు ఉదయానికి అపాయింట్‌మెంట్ దొరుకుతుందా? బిడ్డ డాక్టరు ఏమంటున్నాడు? జడ్జికి ‘బిడ్డను ఇవ్వండి’ అంటే టెన్షన్. ‘మేనత్త ఈ రాత్రి నుంచి ఆ ఇంట్లోనే ఉంటుంది, ఆమె ఇక్కడే ఉంది, మా సోషల్ వర్కర్ నిన్న ఇల్లు చూసి వచ్చింది, ఫొటోలు ఇవిగో’ అంటే జడ్జి సంతకం పెట్టడానికి ఒక ఆధారం దొరుకుతుంది.

దీనికి కావాల్సిన ఏర్పాటు ఇలా ఉంటుంది. రోజూ ఇద్దరు లాయర్లు, ఒక సోషల్ వర్కర్ కొత్త కేసుల డ్యూటీలో ఉండాలి, ఆ రోజు వాళ్లకు వేరే ట్రయల్ పెట్టకూడదు. సాయంత్రాలు, శనివారాలు ఎత్తే ఒక ఫోన్ లైన్ ఉండాలి, ఎందుకంటే ఇళ్లకొచ్చి దర్యాప్తు చేసే శిశు సంక్షేమ ఏజెన్సీ కేస్‌వర్కర్లు శుక్రవారం సాయంత్రం కూడా తలుపు తడతారు. అత్యవసర హియరింగుల్లో సాక్షుల్ని ప్రశ్నించడం మీద ప్రతి కొత్త లాయరుకూ ముందు శిక్షణ ఇవ్వాలి. ట్రయల్ మెళకువలు తర్వాత నేర్చుకోవచ్చు.

ఇంకా ముందుకు వెళ్లగలిగితే, పిటిషన్ పడకముందే, దర్యాప్తు దశలోనే సలహా ఇవ్వండి. కేస్‌వర్కర్ ఇంటికొస్తే లోపలికి రానివ్వాలా, ఏ కాగితం మీద సంతకం పెట్టాలి, ఏది పెట్టకూడదు, ‘సేఫ్టీ ప్లాన్’ అని పెట్టమన్న సంతకానికి అర్థమేంటి అన్నవి చాలామందికి తెలియవు. కొట్టడం కంటే నిర్లక్ష్యం కిందే ఎక్కువమంది పిల్లల్ని ఇళ్ల నుంచి తీసుకెళ్తుంటారు. నిర్లక్ష్యంగా నమోదయ్యే వాటిలో అద్దె బాకీ, కరెంటు కట్, పిల్లల్ని చూసుకునే మనిషి లేకపోవడం లాంటివి కలిసిపోయి ఉంటాయి. వీటిలో కొన్ని ఒక హౌసింగ్ లాయరు ఒక ఉత్తరంతో తేల్చగలిగినవి.

4. లాయరు ఒక్కడే చాలడు

న్యూయార్క్ నగరం 2007 నుంచి తల్లిదండ్రుల తరఫున పనిచేయడానికి సంస్థలతో ఒప్పందాలు చేసుకుంది. ఆ సంస్థల్లో ఒక కేసు మీద లాయరు, సోషల్ వర్కర్, పేరెంట్ అడ్వొకేట్ కలిసి పనిచేస్తారు. 2019లో వెలువడిన ఒక అధ్యయనం ఈ బృందాల క్లయింట్లను, విడిగా పనిచేసే ప్యానెల్ లాయర్ల క్లయింట్లతో పోల్చింది. కేసు పడ్డాక నాలుగేళ్ల వ్యవధిలో, బృందం ఉన్న కుటుంబాల పిల్లలు ఫోస్టర్ కేర్‌లో సగటున 118 రోజులు తక్కువ గడిపారు. పిల్లల భద్రతలో తేడా కనిపించలేదు. బడ్జెట్ సమావేశానికి వెళ్లేటప్పుడు మీ జేబులో ఉండాల్సిన అంకె ఇదే. ఫోస్టర్ కేర్‌లో ప్రతి రోజుకూ ప్రభుత్వం డబ్బు కడుతోందని కౌంటీ ఫైనాన్స్ అధికారికి విడిగా చెప్పనక్కర్లేదు.

పేరెంట్ అడ్వొకేట్ అంటే ఒకప్పుడు ఇదే కోర్టులో బిడ్డను పోగొట్టుకుని, తిరిగి తెచ్చుకున్న తల్లి లేదా తండ్రి. లాయరు చెబితే వినని మాట వాళ్లు చెబితే వింటారు: ‘కేస్ కాన్ఫరెన్స్‌లో నీకు కోపం వస్తుంది. నాకూ వచ్చింది. అరిస్తే వాళ్లు రాసుకుంటారు.’ అయితే వీళ్లను నియమించాలంటే మీ మానవ వనరుల నిబంధనలు మార్చాలి. పాత కేసు రికార్డు ఉన్నవాళ్లను తిరస్కరించే రూలు పెట్టుకుని పేరెంట్ అడ్వొకేట్ల కోసం ప్రకటన ఇచ్చి లాభం లేదు. జీతం కూడా గౌరవంగా ఉండాలి, ‘అనుభవం వస్తుంది’ అని చెప్పి గంటల లెక్కన పెట్టుకోవద్దు.

సోషల్ వర్కర్ దగ్గర ఒక చట్టపరమైన చిక్కుంది. వాళ్లు వృత్తిరీత్యా పిల్లల వేధింపు అనుమానం వస్తే రిపోర్ట్ చేయాల్సినవాళ్లు. అదే మనిషి లాయరు బృందంలో ఉంటే క్లయింటు రహస్యాలు కాపాడాల్సినవాళ్లు. ఏది పైన ఉంటుందో రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. తొలి నియామకానికి ముందే దీనిమీద రాతపూర్వక న్యాయ సలహా తీసుకుని, ఆఫీసు విధానంగా రాసి, క్లయింటుకు మొదటి సమావేశంలోనే చెప్పాలి. సోషల్ వర్కర్‌కు తన లైసెన్సు ఏమవుతుందోనన్న భయం ఉంటే మనసు పెట్టి పనిచేయలేదు.

5. పిల్లల లాయరు ఎవరి మాట వినాలి

పిల్లవాడు చెప్పింది కోర్టుకు చెప్పాలా, పిల్లవాడికి ఏది మంచిదని లాయరు అనుకుంటాడో అది చెప్పాలా? రాష్ట్రాల మధ్య దీనిమీద ఏకాభిప్రాయం లేదు. న్యూయార్క్‌లో 2007లో వచ్చిన 7.2 రూలు పిల్లవాడి మాటకే పట్టం కట్టింది. పిల్లవాడికి ఆలోచించి నిర్ణయించుకునే శక్తి లేనప్పుడు, లేదా అతను కోరినట్టే చేస్తే తక్షణ, తీవ్ర హాని జరిగే ప్రమాదం ఎక్కువగా ఉన్నప్పుడు మాత్రమే లాయరు భిన్నంగా వాదించొచ్చు. అప్పుడు కూడా, పిల్లవాడు చెప్పమంటే, అతను కోరుకున్నదేమిటో కోర్టుకు చెప్పాలి.

మీ రాష్ట్రం ఏ పద్ధతిలో ఉన్నా, మీ ఆఫీసులో అది ఒకటే అయి ఉండాలి. తొమ్మిదేళ్ల పాప ఇంటికి వెళ్తానంటే ఒక లాయరు ఆ మాటే వాదించి, పక్క లాయరు ‘పాపం చిన్నపిల్ల, దానికేం తెలుసు’ అని తన అభిప్రాయం చెబితే, పిల్లలకు దొరికే న్యాయం రోస్టర్ మీద ఆధారపడుతుంది. నా మటుకు నేను పిల్లల మాట వైపే మొగ్గుతాను. ఆ కోర్టు గదిలో బిడ్డకు ఏది మంచిదో చెప్పే వాళ్లకు కొదవ లేదు, బిడ్డ ఏమంటోందో చెప్పే మనిషే కరువు.

ఆచరణలో: పిల్లల్ని కోర్టులో కాదు, వాళ్లుండే చోట కలవాలి. ప్రతి హియరింగుకూ ముందు కలవాలి. అన్నదమ్ములను విడివిడిగా కలవాలి. నేరారోపణ కేసుల్లో అయితే పోలీసులు ప్రశ్నించిన తీరును మొదట చూడండి. 2011లో జె.డి.బి. కేసులో, మాట్లాడకుండా ఉండే హక్కు, లాయరు హక్కు ఉన్నాయని పోలీసులు ముందే చెప్పే మిరాండా హెచ్చరిక అవసరమా అని తేల్చేటప్పుడు పిల్లవాడి వయసును లెక్కలోకి తీసుకోవాలని సుప్రీంకోర్టు అంది. అక్కడ ప్రశ్నలు ఎదుర్కొన్నది స్కూల్ గదిలో కూర్చోబెట్టిన పదమూడేళ్ల అబ్బాయి. ఇలాంటి వాంగ్మూలాలను కొట్టేయించే మోషన్లు వేయడం మీ ఆఫీసులో మామూలు పని కావాలి.

6. కేసుల లెక్క, కాదనే ధైర్యం

అంకెలు ముందు. 1973 నాటి జాతీయ సలహా సంఘం ప్రమాణం ఏడాదికి ఒక లాయరుకు 200 జువెనైల్ కేసులంది. అది అప్పటి లెక్క, ఇప్పుడు దాన్ని పట్టుకుని ఎవరైనా వాదిస్తే ఒప్పుకోవద్దు. తల్లిదండ్రుల లాయర్లకు అమెరికన్ బార్ అసోసియేషన్ 2006 ప్రమాణాలు ఒక సమయంలో 50 నుంచి 100 కేసుల మధ్య ఉండాలంటాయి. వాషింగ్టన్ రాష్ట్రపు పేరెంట్స్ రిప్రజెంటేషన్ కార్యక్రమం 80 దగ్గర గీత గీసింది. న్యూయార్క్‌లో పిల్లల లాయరుకు గరిష్ఠం 150 మంది పిల్లలు. కేసులు కాదు, పిల్లలు అన్నది గమనించండి. ఆరుగురు తోబుట్టువులున్న కేసును ఒకటిగా లెక్కిస్తే లాయరు చచ్చిపోతాడు.

గీత గీయడం సులువు, సోమవారం ఉదయం పన్నెండు కొత్త పిటిషన్లు వచ్చినప్పుడు దాని మీద నిలబడటం కష్టం. 2006లో అమెరికన్ బార్ అసోసియేషన్ ఇచ్చిన 06-441 అభిప్రాయం ఇక్కడ మీ చేతికర్ర. సమర్థంగా చూసుకోలేనన్ని కేసులుంటే పబ్లిక్ డిఫెండర్ కొత్తవి తీసుకోకూడదని, ఆ భారాన్ని గమనించాల్సిన బాధ్యత పై అధికారిదేనని అది చెబుతుంది. జడ్జికి ముందుగా, లిఖితపూర్వకంగా, అంకెలతో చెప్పండి. ‘వచ్చే నెల పదో తేదీ నుంచి కొత్త కేసులు తీసుకోలేం’ అన్న ఉత్తరం, ఆ రోజు ఉదయం చేతులెత్తేయడం కంటే వెయ్యి రెట్లు మేలు. జడ్జికి కోపం వస్తుంది. రానివ్వండి. లెక్కల పుస్తకం నిజాయితీగా ఉంటే ఆ కోపం బడ్జెట్ ఇచ్చేవాళ్ల మీదికి మళ్లుతుంది.

7. గడియారాన్ని కనిపించే చోట పెట్టండి

1997 నాటి అడాప్షన్ అండ్ సేఫ్ ఫ్యామిలీస్ చట్టం ప్రకారం, బిడ్డ గత 22 నెలల్లో 15 నెలలు ఫోస్టర్ కేర్‌లో ఉంటే ఏజెన్సీ తల్లిదండ్రుల హక్కుల రద్దుకు పిటిషన్ వేయాలి. దీనికి మూడు మినహాయింపులున్నాయి: బిడ్డ బంధువుల దగ్గర ఉండటం, రద్దు బిడ్డకు మేలు కాదనడానికి రికార్డులో బలమైన కారణం ఉండటం, ఇల్లు చక్కబడటానికి ఇస్తామన్న సేవలు ఏజెన్సీయే ఇవ్వకపోవడం. గడియారం బిడ్డను తీసుకెళ్లిన రోజు నుంచే తిరగదు. వేధింపు లేదా నిర్లక్ష్యం జరిగిందని కోర్టు తేల్చిన రోజో, తీసుకెళ్లాక 60వ రోజో, ఏది ముందైతే అక్కడి నుంచి లెక్క. బిడ్డ శాశ్వతంగా ఎక్కడ ఉండాలో చూసే తొలి పర్మనెన్సీ హియరింగ్ 12 నెలల లోపు జరగాలి.

ప్రతి ఫైలు మీద ఈ తేదీలు తొలిరోజే వేయించండి. మూడో మినహాయింపు ఆఖరి నిమిషంలో గుర్తొస్తే పనికిరాదు, దానికి రుజువు నెలనెలా పోగవ్వాలి. పేరెంటింగ్ క్లాసుకు ఎప్పుడు రిఫర్ చేశారు, వెయిటింగ్ లిస్టు ఎన్ని వారాలు, కేస్‌వర్కర్ ఎన్నిసార్లు మారారు, తల్లిదండ్రులు బిడ్డను చూసే కలయికలు ఎన్ని రద్దయ్యాయి, ఎవరి వల్ల రద్దయ్యాయి. లాయరు పంపే చిన్న ఈమెయిళ్లే తర్వాత సాక్ష్యాలవుతాయి. అన్నిటికంటే కలయికల మీద పోరాడండి. వారానికి ఒక గంట, ఏజెన్సీ గదిలో, నోట్‌బుక్ పట్టుకున్న మనిషి ఎదురుగా. ఏ తల్లీ అలా ఆడుకోలేదు. కలయిక సమయం, స్థలం, పర్యవేక్షణ సడలింపు కోసం ప్రతి హియరింగులోనూ అడగడం మీ లాయర్ల అలవాటుగా మారాలి.

తొలిరోజే అడగాల్సిన మరో ప్రశ్న: బిడ్డకు ఆదివాసీ తెగ సభ్యత్వం ఉందా, లేదా సభ్యుల బిడ్డ కావడం వల్ల అర్హత ఉందా? ఉంటే 1978 నాటి ఇండియన్ చైల్డ్ వెల్ఫేర్ యాక్ట్ వర్తిస్తుంది. దీన్ని 2023లో హాలాండ్ వర్సెస్ బ్రాకీన్ కేసులో సుప్రీంకోర్టు నిలబెట్టింది. అప్పుడు ఏజెన్సీ చేయాల్సిన ప్రయత్నాల స్థాయి, తెగకు ఇవ్వాల్సిన నోటీసు, హక్కుల రద్దుకు కావాల్సిన రుజువు, అన్నీ మారిపోతాయి.

8. డబ్బు

ఒకే చోటి నుంచి వచ్చే డబ్బు మీద బతికే ఆఫీసుకు నోరు చిన్నది. కౌంటీ, రాష్ట్రం, ఫెడరల్, ఫౌండేషన్లు, ఇలా కలుపుకోవాలి. 2018 చివర ఫెడరల్ చిల్డ్రన్స్ బ్యూరో తన విధానం మార్చి, టైటిల్ ఫోర్-ఇ (ఫోస్టర్ కేర్ ఖర్చులకు ఫెడరల్ నిధులిచ్చే చట్టభాగం) అర్హత ఉన్న పిల్లలకు, వాళ్ల తల్లిదండ్రులకు స్వతంత్ర లాయర్లను ఇచ్చే ఖర్చులో 50 శాతం తిరిగి ఇవ్వొచ్చంది. 2024లో దాన్ని నిబంధనగా మార్చారు. చిక్కేంటంటే ఆ డబ్బు శిశు సంక్షేమ ఏజెన్సీ ద్వారానే రావాలి, అంటే కోర్టులో మీరు ఎదిరించే పక్షం చేతుల మీదుగా. ఒప్పందంలో క్లయింట్ల ఫైళ్లు చూసే అధికారం వాళ్లకు ఇవ్వకండి. లెక్కల తనిఖీకి గంటలు, మొత్తాలు చాలు, పేర్లు అక్కర్లేదు. అలాగే లాయర్ల నియామకం, తొలగింపు జడ్జి చేతిలో ఉండకూడదు.

ప్యానెల్ లాయర్లతో పోటీ కూడా చూసుకోండి. న్యూయార్క్‌లో ప్యానెల్ రేటు దాదాపు ఇరవై ఏళ్లు గంటకు 75 డాలర్ల దగ్గరే ఆగిపోయి, 2023లో 158 డాలర్లకు పెరిగింది. అంత తేడా వచ్చాక మీ మూడో ఏడు లాయర్లు లెక్కలు వేసుకోకుండా ఉంటారా?

9. మనుషుల్ని చూసుకోవడం

నెలకు రెండుసార్లైనా చెప్పకుండా వెళ్లి కోర్టు గదిలో వెనక కూర్చోండి. కేసు నోట్సులో కనిపించనిది అక్కడ కనిపిస్తుంది: లాయరు క్లయింటు పక్కన కూర్చున్నాడా, విరామంలో ఏం జరిగిందో వివరించాడా, ఏజెన్సీ లాయరుతో జోకులేస్తూ క్లయింటును గాలికొదిలేశాడా.

కూర్చుని మాట్లాడే సమయం కూడా ఉండాలి. ఈ పనిలో విన్నవి తలలో నిలిచిపోతాయి. కష్టమైన కేసు ఓడిన మర్నాడు ఆ లాయరుకు కొత్త కేసుల డ్యూటీ వేయొద్దు. కౌన్సెలింగ్ సదుపాయం ఉందని ఈమెయిల్ పంపడం కంటే ఆ రోజు రోస్టర్ మార్చడం ఎక్కువ పనిచేస్తుంది.

దుబాసీల గురించి ఒక మాట, ముఖ్యంగా మనవాళ్ల విషయంలో. తెలుగు కుటుంబం కోర్టుకొస్తే ఇంగ్లీషు బాగా వచ్చిన బంధువు ఎవరో ఒకరు ముందుకొచ్చి అంతా మాట్లాడేస్తాడు. లాయరుతో సమావేశంలో అతన్ని కూర్చోనివ్వకండి. రేపు అతనే సాక్షి కావొచ్చు, పైగా మూడో మనిషి ఉంటే రహస్య సంభాషణకున్న రక్షణ పోయే ప్రమాదముంది. పిల్లల చేత అనువాదం అసలు చేయించొద్దు. తక్కువమంది మాట్లాడే భాషలకు కోర్టు దుబాసీ దొరకడానికి సమయం పడుతుంది కాబట్టి, కేసు తీసుకున్న రోజే అభ్యర్థన పెట్టాలి. ఆఫీసు సమావేశాలకు ఫోన్‌లో దొరికే దుబాసీ సేవతో ముందే ఒప్పందం ఉంచుకోండి.

అప్పీళ్లకు ఒక్కరైనా ప్రత్యేకంగా ఉండాలి. డబ్బు లేనంత మాత్రాన హక్కుల రద్దు మీద అప్పీలు ఆగిపోకూడదని 1996లోనే ఎం.ఎల్.బి. కేసులో సుప్రీంకోర్టు అంది. మిసిసిపీలో ఆ తల్లిని ఆపింది రికార్డు తయారీకి కట్టలేకపోయిన 2,352 డాలర్ల 36 సెంట్లు. అప్పీలు లాయరు ట్రయల్ లాయర్ల పక్కనే కూర్చుంటే, ఏ అభ్యంతరం రికార్డులోకి ఎక్కాలో వాళ్లకు రోజూ గుర్తుచేస్తాడు.

కొలవాల్సినవి కొన్నే: తొలి హియరింగుకు ముందే కలిసిన క్లయింట్ల శాతం, తొలి వారంలోనే ఇంటికి చేరిన పిల్లలు, బంధువుల దగ్గరికి వెళ్లిన పిల్లలు, ఫోస్టర్ కేర్‌లో గడిచిన రోజులు, నెలకు క్లయింటుతో సమావేశాలు. గెలిచిన ట్రయళ్ల సంఖ్య చివర పెట్టండి, లేదా మానేయండి.

10. కేసు ముగిశాక

బిడ్డ ఇంటికి వచ్చింది, జడ్జి కేసు మూసేశాడు, ఫైలు స్టోర్ రూమ్‌కి వెళ్తుంది. ఆగండి. చాలా రాష్ట్రాల్లో ఆ ఫిర్యాదుతో తల్లి పేరు, వేధింపు ఫిర్యాదులను నమోదు చేసే రాష్ట్ర సెంట్రల్ రిజిస్టర్‌లో ఉండిపోతుంది. రేపు ఆ తల్లి డే కేర్‌లోనో, వృద్ధుల ఇంట్లోనో, స్కూల్లోనో ఉద్యోగానికి వెళ్తే తనిఖీలో అది బయటపడుతుంది. న్యూయార్క్‌లో 2022 జనవరి నుంచి ఆ రిజిస్టర్‌లో పేరు చేర్చడానికి కావాల్సిన రుజువు స్థాయి పెరిగింది, అంతకుముందు ‘కొంత నమ్మదగిన ఆధారం’ ఉంటే చాలు. పేరు సవరించమని అడిగే గడువులు చిన్నవి, కోర్టు కేసు నడుస్తుండగానే దాటిపోతాయి. అందుకే ఆ అభ్యర్థనను తొలి వారపు పనుల జాబితాలో చేర్చండి, ముగింపులో మళ్లీ చూడండి. పిల్లల నేర కేసుల్లో అయితే రికార్డు సీల్ అయిందా, వేలిముద్రలు వెనక్కి తీశారా, స్కూలుకు వెళ్లిన నోటీసు ఫైల్లోంచి తొలగించారా అని చూడాలి. ఫైలు మూసే ఫారంలో ఈ గళ్లన్నీ నింపి సూపర్‌వైజర్ సంతకం పెడితేనే సాఫ్ట్‌వేర్ ఆ కేసును మూయనిచ్చేలా ఏర్పాటు చేయించండి.